కాశ్మీరు దారిలో డీజిల్ గడ్డకట్టకుండా కిరోసిన్ కలపడం సరైన పనేనా?

చిత్తూరు లారీ యజమాని:
మా లారీలు మామిడి గుజ్జు డ్రమ్ములతో చిత్తూరులో బయలుదేరి, పీలేరు, రాయచోటి, కడప మీదుగా కర్నూలు చేరి, అక్కడ 44వ జాతీయ రహదారి పట్టుకుని జమ్మూ, శ్రీనగర్ దాకా వెళ్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో కాశ్మీరు లోయ మొదట్లో ఉన్న ఖాజీగుండ్ దగ్గర మంచు పడి దారి మూసేస్తే రాత్రంతా బండి ఆపుకోవలసి వస్తుంది. తెల్లవారేసరికి ఫిల్టరులో డీజిల్ మైనంలా పేరుకుపోయి ఇంజిను అందుకోవడం లేదు. ముందే ట్యాంకులో పదో వంతు కిరోసిన్ కలుపుకుంటామని డ్రైవర్లు అనుమతి అడుగుతున్నారు. మా దగ్గర 2012 నాటి బండ్లు, కొత్త కాలుష్య ప్రమాణమైన బీఎస్-6 బండ్లు రెండూ ఉన్నాయి. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రేణిగుంట డ్రైవరు:
కలపవచ్చని నా అభిప్రాయం. కిరోసిన్ డీజిల్ కంటే తేలికైనది, అందులో మైనం పాలు చాలా తక్కువ, కాబట్టి కలిపిన ఇంధనం మరికొంత చలిని ఓర్చుకుంటుంది. ఇది డ్రైవర్లు పుట్టించిన మాట కాదు, చలిదేశాల్లో డీజిల్ తయారీదారులే శీతకాలపు సరుకులో ఈ తేలికపాటి భాగాన్ని పెంచుతారు. అర్ధరాత్రి సున్నాకు దిగువన, మెకానిక్ దొరకని చోట నిలబడినవాడికి చట్టం గురించి చెప్పడం తేలికే. కిరోసిన్ వద్దన్నందువల్ల ట్యాంకు కింద మంట పెట్టి వేడిచేసే కుర్రవాళ్ళను చూశాను. ఆ రెండింటిలో ఏది పెద్ద ప్రమాదమో యజమానులే ఆలోచించాలి.

తిరుపతి పంపు మెకానిక్:
అన్నగారు చెప్పిన రసాయనంలో తప్పు లేదు గాని, దాని నుంచి తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించను. డీజిల్‌లో సహజంగా ఉండే మైనం చలికి మొదట సన్నని పలుకులుగా విడివడి ఇంధనాన్ని మసకబారుస్తుంది. ఆ పలుకులు ఫిల్టరు రంధ్రాలను మూసేసే ఉష్ణోగ్రతను సీఎఫ్‌పీపీ అంటారు. డీజిల్ మొత్తం కదలకుండా పోయే దశ దానికంటే దిగువన ఎప్పుడో వస్తుంది, బండి మాత్రం ఫిల్టరు దగ్గరే ఆగిపోతుంది. మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం ఈ ఉష్ణోగ్రత శీతకాలపు సరుకులో 6 డిగ్రీలకు, వేసవి సరుకులో 18 డిగ్రీలకు మించకూడదు. శీతకాలమంటే ఆ ప్రమాణంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అని లెక్క. అంటే కాగితం మీద హామీ 6 డిగ్రీల వరకే. డిసెంబరు 21న మొదలై నలభై రోజులు సాగే చిల్లాయ్ కలాన్ అనే కాశ్మీరు గడ్డు చలికాలంలో శ్రీనగర్ రాత్రులు చాలావరకు సున్నాకు కిందే ఉంటాయి. మదనపల్లె చలికీ, తిరుమల కొండమీది చలికీ అలవాటుపడిన మనకు ఈ లెక్క ఎప్పుడూ అవసరపడలేదు.

ఇక బీఎస్-6 బండ్ల సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళలో 10కి మించదు. కిరోసిన్ ప్రమాణమేమో 2,500 దాకా అనుమతిస్తుంది. ఆ గరిష్ఠ పరిమితిలో ఉన్న కిరోసిన్‌ను పదో వంతు కలిపితే ట్యాంకులోని గంధకం 250 దాటుతుంది, అంటే బండి తట్టుకోగలిగిన దానికి పాతిక రెట్లు. పొగగొట్టంలో పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరకాలు, మసి ఫిల్టరు దానికి పాడవుతాయి. పైగా కిరోసిన్‌కు జారుడు గుణం తక్కువ, వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో పనిచేసే పంపు, ఇంజెక్టర్లు డీజిల్ జారుడు మీదే బతుకుతాయి. వాటి మరమ్మతు ఖర్చు ముందు ఒక ట్రిప్పు కిరాయి చాలదు.

రేణిగుంట డ్రైవరు:
బీఎస్-6 విషయం ఒప్పుకుంటున్నాను. కాని 2012 బండిలో ఆ మసి ఫిల్టరూ లేదు, పొగను శుభ్రపరిచే యూరియా ద్రావణపు ట్యాంకూ లేదు. దానికి కూడా అదే నిషేధం ఎందుకు?

తిరుపతి పంపు మెకానిక్:
దాని పంపుకూ జారుడు కావాలి కదా, అయితే నష్టం నెమ్మదిగా బయటపడుతుంది. అసలు అడ్డంకి చట్టం. నిత్యావసర వస్తువుల చట్టం కింద 2005లో వచ్చిన పెట్రోలు, డీజిల్ ఉత్తర్వు కల్తీని నిషేధిస్తుంది. రేషన్ కిరోసిన్‌కు నీలిరంగు కలుపుతారు గనుక తనిఖీలో దాచడమూ కుదరదు. యూరియా ద్రావణం గురించి ఒక్క మాట: అది దాదాపు మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కాని బండి దాన్ని తనంతట తానే కరిగించుకుంటుంది, అందులో ఎవరూ ఏమీ కలపనవసరం లేదు.

మదనపల్లె రవాణాదారు:
కలపాలా వద్దా అని వాదిస్తున్నారు గాని, ట్యాంకులో ఉన్నది ఏ ఊరి డీజిల్ అని ఎవరూ అడగలేదు. చిత్తూరు నుంచి జమ్మూ సుమారు 2,700 కిలోమీటర్లు. లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 350 లీటర్ల ట్యాంకు 1,400 కిలోమీటర్లు వస్తుంది. కనుక ఇక్కడ నింపిన డీజిల్ ఢిల్లీ చేరకముందే అయిపోతుంది, లోయలో గడ్డకట్టేది దారిలో చివరిసారి నింపినదే. మన రాష్ట్రంలో ధర ఎక్కువ కాబట్టి సరిహద్దు దాటాక నింపడం మనకు అలవాటు, అదే లెక్కతో ఉత్తరాదిలో కూడా ‘ధర తక్కువ ఉన్నచోట నిండుగా పోయించు’ అని డ్రైవరుకు చెబుతాం. మైదానంలో నింపిన నిండు ట్యాంకుతో, లోయకు ముందు వచ్చే బనిహాల్ దాటితే ఆ సరుకుతోనే చలిలో నిలబడాలి. పావు వంతు ట్యాంకుతో పైకి చేరి, అక్కడ ఏ గ్రేడు అమ్ముతున్నారో బంకులో అడిగి నింపుకోవడం మేలు. లడఖ్‌కు వెళ్ళే వారికైతే 2019 నవంబరు నుంచి ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించే శీతకాలపు డీజిల్‌ను ప్రత్యేకంగా అందిస్తోంది. దానిలో కిరోసిన్ పోయడం డబ్బు పెట్టి సరుకును చెడగొట్టుకోవడమే.

మైనం పేరుకోకుండా చూసే ద్రవాలు కూడా దుకాణాల్లో ఉన్నాయి గాని, డీజిల్ వెచ్చగా ఉండగా పోస్తేనే పనిచేస్తాయి. మసకబారిన తర్వాత పోసినవి మైనాన్ని కరిగించవు. ఫిల్టరు అడుగున చేరిన నీటిని సాయంత్రమే వదిలేయడం, కొత్త ఫిల్టరు ఒకటి బండిలో ఉంచుకోవడం, పేరుకుపోతే మంట జోలికి పోకుండా ఫిల్టరు మీద వేడినీళ్ళ గుడ్డ చుట్టడం, ఇవి డ్రైవరు చేతిలో ఉన్న పనులు.

రేణిగుంట డ్రైవరు:
ఈ సలహా బాగుంది, కాని దాని ఖర్చు ఎవరిది? లోయలో లీటరుకు ఎక్కువ పెట్టి నింపితే ఆఫీసులో ప్రశ్నిస్తారు. రాత్రి ఇంజిను ఆపకుండా ఉంచితే తిరిగివచ్చే వేడి డీజిల్ ట్యాంకును కొంత కాపాడుతుంది, కాని మైలేజీ తగ్గిందని బత్తాలో కోత పెడతారు. డ్రైవరు కిరోసిన్ డబ్బా వైపు చూసేది చలికి భయపడి మాత్రమే కాదు.

చిత్తూరు లారీ యజమాని:
ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఈ జనవరి ట్రిప్పుల నుంచి బనిహాల్ అవతల నింపిన డీజిల్‌ను బిల్లు ధరకే లెక్కిస్తాం. దారి మూసిన రాత్రి ఇంజిను నడిపిన గంటలను మైలేజీ లెక్క నుంచి తీసేస్తాం, డ్రైవరు అక్కడి నుంచే ఫోనులో చెబితే చాలు. ప్రతి బండికి కొత్త ఫిల్టరు ఒకటి, మైనం ఆపే ద్రవం ఒక డబ్బా ఇక్కడే ఇచ్చి పంపుతాం. కిరోసిన్ బిల్లు మాత్రం ఏ బండికీ ఒప్పుకోము, 2012 బండికి కూడా.

రేణిగుంట డ్రైవరు:
పాత బండి విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఫోనులో చెప్పే లెక్కను కాగితం మీద రాసి ట్రిప్పు షీటుతో ఇస్తే, ఈ షరతుల మీద నేను వెళ్తాను.