నొప్పి మాత్రలు వద్దన్నారు, అమ్మ నడుముకి మర్దనా ఎలా చెయ్యాలి?

కొబ్బరితోట:
మాది పలాస. అమ్మకి 54 ఏళ్లు. పొట్టి పీట మీద కూర్చుని రోజంతా జీడిపప్పు పొట్టు తీసే పని. మధ్యాహ్నానికి నడుం పట్టేసి లేవలేకపోతోంది. నొప్పి కాల్లోకి దిగట్లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) 1.6 ఉందని నొప్పి మాత్రలు ముట్టుకోవద్దన్నారు. మర్దనా నేనే చెయ్యొచ్చా? ఏ నూనె, ఎంతసేపు? పక్కింటోళ్లేమో పిల్లాడి చేత తొక్కించమంటున్నారు.

విజీనారం ఫిజియో:
తొక్కించొద్దు చెల్లెమ్మా. ముట్లు ఉడిగిన వయసులో ఎముక పలచబడి ఉండొచ్చు, మొదట్లో అది ఎక్స్‌రేలో కనపడదు. పిల్లాడి బరువుకి వెన్నుపూస నలిగిపోగలదు.

మర్దనా మీరే చెయ్యండి. ముందు వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు కాపడం పెట్టండి. షుగరుంటే స్పర్శ తగ్గి ఉండొచ్చు, కాబట్టి వేడి మీ మోచేత్తో చూసుకోవాలి. తర్వాత బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద పల్చటి దిండు, చీలమండల కింద చుట్టిన దుప్పటి పెట్టండి. పొట్ట కింద దిండు లేకపోతే నడుం లోపలికి దిగిపోయి, నొక్కినకొద్దీ నొప్పి పెరుగుతుంది.

నూనె 3–4 చెంచాలు చాలు. గిన్నెని వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చెయ్యండి. ఎక్కువ పోస్తే చెయ్యి జారిపోయి కండ దొరకదు. నువ్వుల నూనైనా కొబ్బరి నూనైనా ఒకటే, పనిచేసేది చెయ్యి.

వెన్నెముక మీద నొక్కకూడదు. దానికి అటూ ఇటూ తాళ్లలా తగిలే కండల మీద అరచేత్తో నడుం నుంచి పైకి 5 నిమిషాలు నెమ్మదిగా రుద్దండి. గట్టిగా తగిలిన చోట బొటనవేలు ఆనించి, అమ్మ ఊపిరి వదులుతుండగా నొక్కి 20–30 సెకన్లు ఉంచండి. ఆవిడ ఊపిరి బిగబట్టిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టే. చాలామంది పిర్రల్ని వదిలేస్తారు. కూర్చుని పనిచేసేవాళ్లకి తుంటి ఎముక అంచు కింద, పక్కన ఉండే కండ బిగుసుకుని, ఆ నొప్పే నడుం నొప్పిలా తెలుస్తుంది. ఎక్కువ సమయం అక్కడ పెట్టండి. మొత్తం 20 నిమిషాలు, వారానికి 2–3 సార్లు. జ్వరమున్నా, ఒక పిక్క వాచినా, రక్తం పలచబడే మందు వాడుతున్నా చెయ్యొద్దు.

నాగావళి:
మర్దనా సుఖం కొన్ని గంటలే. ఆ పీట మార్చకపోతే రేపు మళ్లీ పట్టేస్తుంది. పొట్టి పీట మీద మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి, నడుం గూనిలా వంగిపోయి వెనక స్నాయువులు గంటలకొద్దీ సాగి ఉంటాయి. కుర్చీ ఎత్తు స్టూలు, మోచేతి ఎత్తున బల్ల దొరికితే మంచిది. షెడ్డులో కుదరదంటే బాసింపట్టు వేసుకుని, పిర్రల కింద మడిచిన గోనెసంచులు 4 అంగుళాల ఎత్తు వెయ్యండి. పప్పు చాటని ఇంకో పీట మీదకి ఎక్కించండి. అరగంటకోసారి లేచి, నడుం మీద చేతులు పెట్టి ఐదారుసార్లు వెనక్కి వంగాలి. లేచీ లేవగానే మాత్రం బస్తా ఎత్తకూడదు, సాగిన స్నాయువులకి అప్పుడు పట్టు ఉండదు.

మర్దనా అవగానే కండ వదులుగా ఉన్నప్పుడే వ్యాయామం చేయించండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిర్రలు ఎత్తి 5 సెకన్లు ఆపడం, 10 సార్లు. రోజూ సాయంత్రం 20 నిమిషాల నడక. పూర్తిగా మంచం ఎక్కితే నడుం ఇంకా బిగుసుకుంటుంది.

కొబ్బరితోట:
ఇద్దరికీ థాంక్సండీ. ఇది కిడ్నీ నొప్పేమోనని అమ్మ భయం. బెల్టు కొనాలా? జెల్ రాయొచ్చా?

విజీనారం ఫిజియో:
మీ పలాస వైపు ఉద్దానంలో నడుం నొప్పంటే ముందు కిడ్నీయే గుర్తొస్తుంది. కానీ అక్కడి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా నొప్పి లేకుండానే ముదురుతుంది. అందుకే క్రియాటినిన్ పరీక్ష మానొద్దు. రాయి, ఇన్‌ఫెక్షన్ల నొప్పి పక్కటెముకల కింద ఒక పక్కన వస్తుంది, ఎలా పడుకున్నా తగ్గదు. జ్వరమో మూత్రంలో మంటో తోడుండొచ్చు.

బెల్టు కొనకండి. దీర్ఘకాలపు నడుం నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, మర్దనా ఉన్నాయి, బెల్టులు మామూలుగా వాడొద్దని ఉంది. నొప్పికి రాసే డైక్లోఫెనాక్ జెల్ కొంత చర్మం గుండా రక్తంలోకి వెళ్తుంది, కిడ్నీ డాక్టర్ని అడక్కుండా రాయొద్దు. పేరు లేని పొడుల పొట్లాలు అసలే వద్దు, కొన్నింట్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిపేస్తారు. మూత్రం బిగిసినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా మర్దనా ఆపేసి అదే రోజు శ్రీకాకుళం రిమ్స్‌కి తీసుకెళ్లండి.