ముధోల్ క్రాస్ ఆడకుక్క: ప్లేట్‌లెట్లు 1.2 లక్షలే, ఆపరేషన్ చేయించవచ్చా?

కాలువగట్టు:
రాజోలు వైపండి. తల్లి ముధోల్ వేటకుక్క, తండ్రి ఊరకుక్క. ఆడది, పదహారు నెలలు, 21 కిలోలు. ఎద అయిపోయి మూడు నెలలైంది. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయిద్దామని రక్తపరీక్షకి ఇచ్చాం. ప్లేట్‌లెట్లు 1.2 లక్షలు, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 54, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6, థైరాయిడ్ హార్మోను టీ4 ల్యాబ్ వాళ్ళ కనిష్ఠం కంటే తక్కువ. పీసీవీ తప్ప మిగతా మూడింటికీ ఎర్రగుర్తు పెట్టారు. గోమార్ల జ్వరం కావచ్చు, డాక్సీసైక్లిన్ మొదలెట్టి ఆపరేషన్ వాయిదా వేద్దాం అంటున్నారు. దానికి జ్వరం లేదు, ఒళ్ళు వెచ్చగా లేదు, గిన్నె నాకేసేలా తింటోంది. ఇది నిజంగా జబ్బేనా? ఈ జాతికి మత్తు పడదని కూడా అంటారు కదా, డాక్టర్‌గారికి ఏమని చెప్పాలి? ఆపరేషనయ్యాక ఎన్నాళ్ళు కట్టెయ్యాలి? ఇంకోటి, పక్కటెముకలు కనిపిస్తున్నాయని వీధిలో అందరూ ‘తిండి పెట్టట్లేదా’ అని అడుగుతున్నారు.

జాగిలం:
వీధి సంగతి ముందు తేల్చేద్దామండి. చివరి రెండు మూడు పక్కటెముకలు, నడుం మీద రెండు ఎముకల మొనలు కనిపించడం వీటికి ఆరోగ్యమే. తొడ కండ నిండుగా ఉందా లేదా చూడండి. తొడ పీక్కుపోయి, వెన్నుపూస రంపంలా చేతికి తగిలితే అప్పుడు బక్కచిక్కినట్టు.

ఇక కాగితం. ‘నార్మల్’ అని అచ్చయిన అంకెలు లాబ్రడార్, పొమరేనియన్, ఊరకుక్క అన్నీ కలిపి తీసిన లెక్క. గ్రేహౌండ్, విప్పెట్, సలూకీ, మన ముధోల్, చిప్పిపారై, కన్ని లాంటి చూపుతో వేటాడే జాగిలాలు అందులో ఇమడవు. పరిశోధన ఎక్కువగా జరిగింది గ్రేహౌండ్ల మీద. వాటిలో ఆరోగ్యంగా ఉన్నవాటికే ప్లేట్‌లెట్లు లక్ష అటూఇటూ ఉండటం మామూలు. పీసీవీ 50 నుంచి 60 పైదాకా పోతుంది. కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ ఓ మెట్టు పైన, టీ4 ఓ మెట్టు కింద ఉంటాయి. మీ నాలుగు అంకెలూ కలిపి చదివితే జబ్బు కన్నా జాతి ఎక్కువ కనిపిస్తోంది.

ఒక్కో అనుమానం తీర్చుకునే దారి ఉంది. క్రియాటినిన్‌కి: పొద్దున లేవగానే మొదటి మూత్రం శుభ్రమైన డబ్బాలో పట్టి సాంద్రత చూపించండి. 1.030 దాటితే కిడ్నీ నీళ్ళు పట్టి ఉంచుతోందని అర్థం. టీ4కి: ఆ ఒక్క అంకె చూసి థైరాయిడ్ మాత్ర మొదలెట్టనివ్వొద్దు. మందకొడితనం, ఒళ్ళు రావడం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయించే హార్మోను) పెరగడం, ఇవన్నీ తోడుంటేనే ఆలోచించాలి. తొడల వెనక వెంట్రుకలు పలచబడటం గ్రేహౌండ్లలో ఊరికే కూడా ఉంటుంది, అది సాక్ష్యం కాదు.

ఇంగ్లండులో ఇలాంటి క్రాస్‌ని లర్చర్ అంటారు. ఒక పక్క గ్రేహౌండో విప్పెట్టో, మరో పక్క టెర్రియరో గొర్రెలకాపరి కుక్కో. మీది మన దేశవాళీ లర్చర్ అన్నమాట. తల్లి రక్తం ఎంత దిగిందో పైకి చూసి చెప్పలేం కాబట్టి మత్తు దగ్గర దాన్ని జాగిలం అనుకోండి, రోగం వెతికేటప్పుడు ఊరకుక్క అనుకోండి.

పశువుల కాంపౌండర్:
పై చివరి వాక్యంలో రెండో సగం గట్టిగా పట్టుకోండి. ‘జాగిలాలకి ప్లేట్‌లెట్లు ఇంతే’ అని వదిలేసి ఎర్లిషియా (గోమార్ల జ్వరం తెచ్చే క్రిమి) ముదరబెట్టుకున్న కేసులు డెల్టాలో తక్కువేం కాదు. ఉక్కపోత ఊళ్ళు, ఇంటింటా పశువుల పాక, గోడ పగుళ్ళు. గోధుమరంగు గోమారు ఏడాది పొడుగునా ఉంటుంది మనకి.

చేయాల్సింది మూడు పనులు. మిషన్ లెక్కని నమ్మకండి. రక్తం తీసేటప్పుడు సూది రెండుసార్లు గుచ్చితే ప్లేట్‌లెట్లు ముద్ద కడతాయి, మిషన్ ఆ ముద్దని లెక్కలోకి తీసుకోదు. గాజుపలక మీద స్మియర్ (పలచటి రక్తపు పూత) తీయించి మైక్రోస్కోపు కింద చేత్తో లెక్కపెట్టించండి. అదే పలక మీద తెల్లకణాల్లో ఎర్లిషియా గుత్తులు, ఎర్రకణాల్లో బబేసియా అనే మరో గోమార్ల క్రిమిని కూడా వెతుకుతారు. రెండోది ర్యాపిడ్ కిట్. కిట్ యాంటీబాడీ (క్రిమికి ఎదురుగా ఒళ్ళు తయారుచేసుకునేది) చూస్తుంది గనక జబ్బు తగిలిన మొదటి రెండు మూడు వారాల్లో నెగెటివ్ రావచ్చు. అనుమానం మిగిలితే నేరుగా క్రిమి జన్యువునే వెతికే పీసీఆర్ పరీక్షకి పంపాలి. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. మూడోది పీసీవీ. ఎర్లిషియా గానీ బబేసియా గానీ ఉంటే ప్లేట్‌లెట్లతో పాటు ఎర్రరక్తం కూడా జారడం మొదలవుతుంది. 54 అంటే రక్తం బాగానే ఉంది. అయితే జాగిలానికి 42 వచ్చినా ల్యాబ్ కాగితం ‘నార్మల్’ అనే చూపిస్తుంది, అక్కడే మోసపోతాం. ఇప్పటి ఈ కాగితం జాగ్రత్తగా దాచండి. రేపు నిజంగా జ్వరం వస్తే పోల్చుకోడానికి దీని సొంత లెక్క ఇదే.

ఒకవేళ జబ్బే అని తేలితే డాక్సీ కిలోకి రోజుకి 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. నాలుగో రోజుకే హుషారొస్తుంది, అక్కడ ఆపేస్తే మళ్ళీ తిరగబెడుతుంది. మాత్ర ఖాళీ కడుపున వేయకండి, వేశాక నీళ్ళు తాగించండి. గొంతులో ఇరుక్కుంటే లోపల పుండు పడుతుంది. పెరుగన్నంలో దాచి పెట్టేవాళ్ళున్నారు, అదీ వద్దు. పాల పదార్థాలు మందుని కొంత పట్టేస్తాయి. కోడిమాంసం ముక్కలో పెట్టండి.

ఇక మత్తు. డాక్టర్‌గారికి మొహమాటం లేకుండా చెప్పండి: థయోపెంటోన్ వద్దండీ అని. మామూలు కుక్కలో ఆ మందు కండలోకి, కొవ్వులోకి సర్దుకుని మెదడుని వదిలేస్తుంది, అందుకే తొందరగా లేస్తాయి. వీటికి కొవ్వు లేదు, పైగా ఆ మందుని అరిగించే కాలేయం ఎంజైమే మందకొడి. మూడు నాలుగు గంటలైనా తేరుకోవు. ప్రొపోఫాల్‌తో పడుకోబెట్టి ఐసోఫ్లురేన్ గ్యాస్ మీద ఉంచే చోటైతే నిశ్చింత. ప్రొపోఫాల్ నుంచి కూడా కాస్త నిదానంగానే లేస్తాయి, కంగారు పడొద్దు. జైలజీన్, కెటమిన్ మాత్రమే ఉన్న చోటైతే అదే రోజు తూకం వేయించండి, కళ్ళతో అంచనా కట్టిన బరువు మీద డోసు వేయొద్దు. లేచేదాకా సెలైన్ సూది తీయకూడదు. ముందురోజు రాత్రి పదింటికి తిండి బంద్, పొద్దున నీళ్ళు పర్లేదు.

అసలు మరిచిపోయేది చలి. బయట 38 డిగ్రీలున్నా ఏసీ గదిలో స్టీలు బల్ల మీద గంట పడుకుంటే వీటి ఒంటి వేడి ఇట్టే పడిపోతుంది, పడిపోతే మత్తు ఇంకా వదలదు. ఇంటినుంచే ఒక దుప్పటి, రెండు లీటరు సీసాల్లో గోరువెచ్చటి నీళ్ళు పట్టుకెళ్ళండి. సీసాలకి గుడ్డ చుట్టాలి, ఒట్టివి ఆనిస్తే పలచటి చర్మం కమిలిపోతుంది.

కాలువగట్టు:
చాలా సంతోషమండి. స్మియర్ చేయించాం. చేత్తో లెక్కపెడితే 1.45 లక్షలు, పురుగేమీ కనపడలేదు. కిట్ కూడా నెగెటివ్. మూత్రం సాంద్రత 1.042. డాక్టర్‌గారు కూడా ఒప్పుకున్నారు, వచ్చే వారం పెట్టుకున్నాం. ఇంటికొచ్చాక సంగతి చెప్పండి.

జాగిలం:
ఆపరేషనైన రోజు రాత్రి బాగుందని నిద్రపోకండి. గ్రేహౌండ్లలో ఒక చిత్రం ఉంది. ఆపరేషన్ బల్ల మీద రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది, ఒకట్రెండు రోజులకి ఆ గడ్డ అనుకున్నదానికన్నా ముందే కరిగిపోయి మళ్ళీ కారుతుంది. అందుకని రెండో రోజు, మూడో రోజు కుట్టు చుట్టూ, పొత్తికడుపు కింద, తొడల లోపల చూడండి. చిన్న నీలిమచ్చ ఒకచోటే ఆగితే పర్లేదు. పెన్నుతో దాని అంచున గీత గీయండి, నాలుగు గంటలకి మచ్చ గీత దాటి పాకితే ఆస్పత్రికి. చిగుళ్ళు తెల్లబోతే గీత కోసం కూడా ఆగొద్దు. గడ్డ కరగకుండా ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్ లాంటి మందు దగ్గర ఉంచుకుంటారా అని డాక్టర్‌గారిని ముందే అడగండి. నొప్పికి మనుషుల ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ ఒక్క మాత్ర కూడా వద్దు. కడుపులో పుండు, రక్తస్రావం.

సార్వా దాళ్వా:
పడక గురించి ఎవరూ చెప్పలేదు. గచ్చు మీద గోనెసంచి వేస్తే ఈ కుక్కలకి మోచేతుల దగ్గర కాయ కాసి, నీరు దిగి నిమ్మకాయంత సంచి అవుతుంది. నాలుగంగుళాల ఫోమ్, పైన ఉతికే నూలు గలీబు. ఉక్కకి కొబ్బరిపీచు పరుపు ఇంకా హాయి. గలీబు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకాలి, గోమారు పిల్లలు కుట్టుల్లో దూరతాయి. గోడ పగుళ్ళు సిమెంటుతో పూడ్చేయండి. గోమార్లని చంపే ఫ్లురలానర్ మాత్ర వేస్తే పన్నెండు వారాలు కాపలా ఉంటుంది, కానీ పాకలో గేదెకీ వేలాడుతుంటే ఒక్క కుక్కకి వేసి ఊరుకుంటే చాలదు.

కట్టెయ్యడం పద్నాలుగు రోజులు. తాడు వేసి ఒంటికీ రెంటికీ నడిపించడం తప్ప గెంతులు లేవు. మెట్లు, మంచం దూకడాలు లేవు. మెడకి కోన్ పెట్టేటప్పుడు గమనించండి, వీటి మూతి పొడుగు, మామూలు సైజు కోన్ దాటి కుట్టు అందుకుంటుంది. ముక్కు కొన కంటే రెండంగుళాలు ముందుకొచ్చే సైజు అడగండి. మూడో వారం నుంచి నడక పెంచి, నాలుగో వారంలో పరుగు.

ఆ పరుగు బండి వెనక తారురోడ్డు మీద మాత్రం వద్దు. మన వైపు ఇదొక పిచ్చి. ఇవి వంద, రెండొందల మీటర్లు ప్రాణం పెట్టి ఉరికే కుక్కలు, మైళ్ళు లాగే ఎడ్లు కావు. అదేపనిగా పరిగెత్తిస్తే కండ కరిగి రక్తంలో కలుస్తుంది. ఆ సాయంత్రమో మర్నాడో నడుం బిగుసుకుపోయి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అదే. కిడ్నీ దెబ్బతినే వ్యవహారం, వెంటనే సెలైన్ ఎక్కాలి. తెల్లవారుజామున అయిదింటికి పది నిమిషాలు నడక, మూడు నాలుగు ఉరుకులు, మళ్ళీ పది నిమిషాలు నడక. చాలు. ఎండాకాలంలో ఏడు దాటాక బయటికే తీయకండి. వగరుస్తూ తూలితే ముందు మోటారు కింద పెట్టి ఒళ్ళంతా తడపండి, ఫ్యాను పెట్టండి, తర్వాత ఆటో మాట్లాడండి. థర్మామీటరు 39.5కి దిగాక నీళ్ళు ఆపాలి. తిన్న తర్వాత రెండు గంటలు పరుగు లేదు. లోతు ఛాతీ, కడుపు తిరగబడుతుంది. వాంతి చేసుకోబోయి ఏమీ రాక, పొట్ట డప్పులా ఉబ్బితే తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు.

చోటు ఎంపిక కూడా చెప్పాలి. సార్వా కోసిన చేలో వదలకండి. వరి మోళ్ళు ఏటవాలుగా తెగి మేకుల్లా ఉంటాయి, అరికాల్లో దిగుతాయి, ఆ వేగంలో కంట్లో కూడా గుచ్చుకుంటాయి. దమ్ము చేసిన చేనైతే కాలు కూరుకుని మణికట్టు మెలిపడుతుంది. రొయ్యల చెరువుల దగ్గర పక్షుల కోసం కట్టిన వల దారాలు, ముళ్ళతీగ వీటి కంటికి ఆనవు. దూరంగా కదిలేదాన్ని చూస్తాయి గానీ దారిలో నిలబడ్డ తీగని చూడవు. చర్మం కాగితం, గీసుకుపోతే పంచె చిరిగినట్టు చిరుగుతుంది. అలా అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకటిన్నర చెంచా ఉప్పు వేసి కడిగి, అదే నీళ్ళలో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి కుట్టు వేయించండి. పసుపు, స్పిరిట్, కొబ్బరినూనె రాస్తే కుట్టేవాళ్ళకి పని పెరుగుతుంది తప్ప పుండు మానదు. అంచులు కట్టిన కాలువలో ఈత నేర్పకండి. కొవ్వు లేని ఒళ్ళు తేలదు, జారుడు సిమెంటు మీద ఎక్కలేదు.

నత్తారామేశ్వరం:
ఒకటి మరిచారు. సంక్రాంతి పందెం పుంజులు. మార్గశిరం వస్తే ప్రతి పెరట్లో ఒక పుంజుకి తాడేసి ఉంటుంది, బాదంపప్పు పెట్టి పెంచినవి. మీ కుక్క ఒక్కదాన్ని పట్టిందంటే ఆపరేషన్ ఖర్చు కంటే ఎక్కువ కట్టాలి, పైగా ఊళ్ళో మాట. దానికి ఎదురుగా పుంజు రెక్క కొట్టిందా, పిలిస్తే వినే చెవి అప్పటికే మూసుకుపోతుంది. బాతుల మందలూ అంతే. మూతికి చిక్కం వేయండి, నోరు తెరిచి వగర్చడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్ట రకం. మూతి బిగించేసే గుడ్డపట్టీ వద్దు, ఎండలో చంపేస్తుంది.

పట్టీ మామూలుది కాదు, లాగితే బిగిసే మార్టింగేల్, రెండంగుళాల వెడల్పు. వీటి తల మెడ కంటే లావు కాదు, వెనక్కి లాగితే మామూలు పట్టీలోంచి తల జారిపోతుంది. బిగించాక రెండు వేళ్ళు దూరాలి. బటన్ నొక్కితే సాగే తాడు కొనకండి. అయిదారు మీటర్ల తాడు అయిపోయేసరికి అది పూర్తి వేగంలో ఉంటుంది, ఆ కుదుపు దాని మెడకీ మీ భుజానికీ.

కుందేలు, ఉడుము వెనక వదిలి సరదా పడదామనుకుంటే 1972 వన్యప్రాణి చట్టం ఉంది, జాగ్రత్త. అంతర్వేది ఇసకలో పరిగెత్తిద్దామనుకున్నా జనవరి నుంచి మార్చి దాకా తాడు విప్పకండి, తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజులు.

కాలువగట్టు:
కోన్ సైజు, దుప్పటి, సీసాలు రాసుకున్నానండి. థయోపెంటోన్ సంగతి కాగితం మీద రాసి ఫైలుకి పిన్ను కొట్టాను. పెన్ను కూడా కొన్నాం.

పశువుల కాంపౌండర్:
ఆ కాగితం మీద బరువు, పీసీవీ 54, చేతిలెక్క ప్లేట్‌లెట్లు 1.45 లక్షలు, తేదీ కూడా వేయండి. రాత్రిపూట వేరే ఆస్పత్రికి పోవాల్సొస్తే అక్కడివాళ్ళకి చూపించడానికి.