గొంతులో పులిపిరులు: లేజర్ చేయిస్తే మళ్లీ రావా?

పర్లాకిమిడి నాన్న: మా అమ్మాయికి ఏడేళ్లు. గొంతు బొంగురుపోతే ఉబ్బసమని నెలల తరబడి పీల్చే మందు వాడించారు. చివరికి విశాఖలో గొట్టం వేసి చూసి, స్వరపేటిక మీద పులిపిరులన్నారు. తీశారు, మళ్లీ వచ్చాయి. లేజర్‌తో తీసి ఉంటే వచ్చేవి కావంటాను.

గుణుపురం మాస్టారు: లేజర్‌తో తీసినా వస్తాయండీ. ఇవి హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల పుడతాయి. కనబడే కాయను లేజర్ కాలుస్తుంది. చుట్టూ నున్నగా ఉన్న పొరలో వైరస్ అలాగే ఉంటుంది. మరీ లోతుగా కాలిస్తే స్వరతంత్రులు అతుక్కుపోయి గొంతే పోతుంది. ఊపిరి ఆడేంత వరకు తీసి ఆపడమే మంచిది.

రాయగడ రమణ: బరంపురంలో చూపించారా?

పర్లాకిమిడి నాన్న: నేను అడిగింది లేజర్ గురించి.

గుణుపురం మాస్టారు: తీసిన ముక్క పరీక్షకు పంపారా? మా తమ్ముడి గొంతులో కాయకు మొదటి రిపోర్టులో క్యాన్సర్ అనుమానమని రాశారు. ఇల్లంతా ఏడుపులు. లోతుగా ముక్క తీసి మరోచోట చూపిస్తే క్యాన్సర్ కాదు, గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అనే మామూలు గడ్డ అని తేలింది. దాని మీది పొర దళసరిగా పెరిగి, పైపైన చూసినవాళ్లకు క్యాన్సర్‌లా కనిపిస్తుంది.

పర్లాకిమిడి నాన్న: మీ తమ్ముడి గొడవ నాకెందుకు మాస్టారూ?

మందుల షాపు: మెడకు రంధ్రం పెట్టి గొట్టం వేస్తామంటే, ఊపిరికి తప్పనిసరా అని గట్టిగా అడగండి. ఆ రంధ్రం వల్ల పులిపిరులు కింద శ్వాసనాళంలోకి దిగవచ్చు.

గుణుపురం మాస్టారు: తిరిగి రావడం ఈ జబ్బు స్వభావం, దాన్ని డాక్టరు తప్పంటే ఎలా?

పర్లాకిమిడి నాన్న: తిరిగి వస్తాయని మొదటిరోజు ఒక్కరైనా చెప్పారా? ఒక్క ఆపరేషనే కదా అని జీడితోట తాకట్టు పెట్టాను. ముందే తెలిస్తే సగం డబ్బు దాచుకునేవాణ్ణి. ఇప్పుడు రెండోదానికి చేతిలో పైసా లేదు. పిల్ల హాజరు పలికితే టీచరుకు వినబడక గైర్హాజరు వేస్తున్నారు.

గుణుపురం మాస్టారు: చెబితే సగం మంది ఆపరేషన్ మాని పసరు మందుకు పోతారు. అందుకే చెప్పరు.

పర్లాకిమిడి నాన్న: పోతానో లేదో తేల్చుకోవలసింది నేను. మీరూ ఆ డాక్టరూ కాదు.

గుణుపురం మాస్టారు: ఈలోగా పిల్లకు ఊపిరాడకపోతే?

రాయగడ రమణ: ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ ఆరోగ్య బీమా పథకం అమలవుతోంది. ఆ కార్డు విశాఖ ఆసుపత్రిలో చెల్లుతుందేమో ఫోను చేసి కనుక్కోండి. మీ వాదన తర్వాత.