పదిహేనేళ్ల అడ్వకేట్ జనరల్ అల్లాడి: ఆ పదవిని ఎలా తూచాలి?

పెన్నాతీరం:
నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వకేట్ జనరల్. ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా రెండూ ఆ కాలంలోనివే. సత్యాగ్రహులను జైళ్లకు పంపిన ప్రభుత్వానికి ఆయన పెద్ద వకీలు. 1932లో సర్ బిరుదూ వచ్చింది. అదే మద్రాసులో టంగుటూరి ప్రకాశం ఉద్యమం కోసం 1921లోనే వకీలు ప్రాక్టీసు వదిలేశారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యుడిగా ఆయన చేసిన పనిని పొగిడేటప్పుడు ఈ పదిహేనేళ్లు దాటేయడం తప్పు.

పాతకోర్టు:
దాటేయొద్దండీ, కానీ ఆ పదవిలో పనేమిటో చూడండి. సత్యాగ్రహుల కేసులు మేజిస్ట్రేటు కోర్టుల్లో నడిచాయి. పబ్లిక్ ప్రాసిక్యూటర్ పదవే వేరు: 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 492వ సెక్షన్. అదే కోడ్ 333వ సెక్షన్ కింద అడ్వకేట్ జనరల్‌కు ఉండింది కేసు ఆపే అధికారం. హైకోర్టు విచారణలో జ్యూరీ తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా ఆపగలిగేవారు. ఇక ధర్మాదాయాల సంగతి. అప్పట్లో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద జనం ధర్మాదాయ ట్రస్టు మీద దావా వేయాలంటే, ఆ ట్రస్టుతో సంబంధమున్న కనీసం ఇద్దరు ముందు అడ్వకేట్ జనరల్ రాతపూర్వక సమ్మతి తేవాల్సి ఉండేది, లేకుంటే దావా నిలిచేది కాదు. 1937లో వచ్చిన రాజాజీ మంత్రివర్గం హయాంలోనూ ఆయనే ఉన్నారు.

పెన్నాతీరం:
ప్రాసిక్యూటర్‌ను కలిపేయడం నా పొరపాటే. కానీ 1935 భారత ప్రభుత్వ చట్టం 55వ సెక్షన్ చదవండి. నియమించేది గవర్నర్, ఆయనకు ఇష్టమున్నంత కాలమే పదవి. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేశాక మిగిలింది గవర్నర్ పాలనే. అల్లాడి మాత్రం దిగలేదు. 1937ను లెక్కలో వేస్తే 1942నూ వేయాలి.

ముసాయిదా:
నా అభ్యంతరం 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో జరిగిన చర్చ గురించి. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే ఇప్పటి 21వ అధికరణంలో ‘డ్యూ ప్రాసెస్’ (చట్టం న్యాయంగా ఉందా అని కోర్టు చూడగలిగే పద్ధతి) ఉండాలని కొందరు సభ్యులు పట్టుబడితే, అల్లాడి ‘చట్టం నిర్దేశించిన విధానం’ (చట్టం చెప్పిన పద్ధతి పాటిస్తే చాలు) వైపు నిలిచారు. అమెరికా కోర్టుల అనుభవాన్ని చూపించారు. ఏళ్ల తరబడి ప్రభుత్వం తరఫున నిలిచిన లాయరు చూపు అది. ఫలితం 1950లో, విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నేత ఎ.కె. గోపాలన్ మద్రాసు రాష్ట్రం మీద వేసిన కేసులోనే తేలింది: ఆ అధికరణం ఆయన్ను విడిపించలేదు. విధానం న్యాయంగా ఉండాలన్న 1978 మేనకా గాంధీ తీర్పు దాకా ఆ లోటు తీరలేదు.

పాతకోర్టు:
దాన్ని ఆయనొక్కడి మీద వేయడం అన్యాయం. 1947లో అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసొచ్చిన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు సలహా దాని వెనక ఉంది.

ముసాయిదా:
సలహా రావుది కావచ్చు. సభలో లేచి దాన్ని సమర్థించింది అల్లాడి.