మిర్చి పైసలు పడ్డ మూడో రోజే ఫోన్ వచ్చింది, 48 వేలు పోయాయి

నర్సంపేట రైతుబిడ్డ:
మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మాడు. ఖాతాలో పైసలు పడ్డ మూడో రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. కేవైసీ కాలేదట, సాయంత్రానికల్లా ఖాతా బంద్ అవుతుందట. వాట్సాప్‌లో బ్యాంకు బొమ్మతో ఒక ఫైల్ పంపారు. బాపు దాన్ని నొక్కి, అడిగినదానికల్లా ఓకే కొట్టాడు. తను చేనులో ఉండగానే రెండుసార్లుగా 48 వేలు పోయాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదని ఒట్టేస్తున్నాడు. మరి ఎట్లా పోయాయి? నిన్నటి నుంచి సరిగా బువ్వ తినడం లేదు.

హన్మకొండ ఫోన్ రిపేర్:
తమ్ముడూ, బాపు అబద్ధం చెప్పడం లేదు. ఆ ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటుంది చూడు. అది ఒక యాప్. మెసేజ్‌లు చదవడానికి ఓకే కొడితే ఓటీపీ నేరుగా వాళ్లకే పోతుంది, నోటితో చెప్పనక్కర్లేదు. బండి చలాన్, పీఎం కిసాన్ పేర్లతో కూడా ఇవే వస్తున్నాయి. ముందు ఆ ఫోన్‌లో నెట్ ఆపెయ్, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వెయ్. ఆ నంబరు, ఆ చాట్ ఫొటో తీసి పెట్టుకున్నాకే ఫోన్ రీసెట్ చెయ్.

జనగామ టీచరమ్మ:
సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా? చేయకపోతే ఇది చదవడం ఆపి చేయండి. పోయినేడు నాకు కార్డు లిమిట్ పెంచుతామని ఫోన్ వస్తే ఓటీపీ నేనే చెప్పాను. 19,500 పోయాయి. బ్యాంకుకు పరుగెత్తి, లైన్‌లో 40 నిమిషాలు నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన చెబితే అక్కడి నుంచే 1930కి చేశాను. ఖాతా నంబరు, ట్రాన్సాక్షన్ నంబరు, టైమ్ అడిగారు. 11 వేలు అవతలి ఖాతాలో ఆగాయి, మిగతాది అప్పటికే ఏటీఎంలో తీసేశారు. ఆగినవి లోక్ అదాలత్‌లో ఆర్డర్ వచ్చాక నా చేతికి వచ్చాయి. ఆ 40 నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

కాజీపేట రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
టీచరమ్మ చెప్పినట్టు ముందు 1930, ఆ వెంటనే బ్యాంకు. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా పైసలు పోతే, 3 పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదు. ఓటీపీ లాంటివి మనమే చెబితే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మనది. తెలిపాక పోయేది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు నంబరు, టైమ్ రాసిపెట్టుకో బాబూ. బ్రాంచిలో కాగితం ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకో. ఇంకోటి, బ్యాంకులకు ఇప్పుడు 1600తో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. మామూలు మొబైల్ నంబరు నుంచి కేవైసీ అంటే ఫోన్ పెట్టేయండి.

పరకాల వదిన:
దయచేసి బాపును ఎవరూ తిట్టకండి. తిడతారన్న భయంతోనే మా మామయ్య ఇలా పైసలు పోయిన సంగతి నాలుగు రోజులు దాచాడు. ఆలోపు ఇంకో రెండుసార్లు పోయాయి.

నర్సంపేట రైతుబిడ్డ:
1930కి చేశాను, ఆలస్యమైంది కాబట్టి 6 వేలే ఆగాయి. బ్యాంకులో ముద్ర వేయించుకున్నా. మీరు రాసినవన్నీ బాపుకు చదివి వినిపించాను. ఫోన్ రిపేర్ అన్నయ్య రాసిన మాట దగ్గర ఆపి, ‘మళ్లీ చదువు’ అన్నాడు. రాత్రి బువ్వ తిన్నాడు. పొద్దున పక్కింటి కాక దగ్గరికి తనే పోయాడు. కాక బస్తాలు ఈ వారమే మార్కెట్‌కు పోతున్నాయి.