అప్‌డేట్: గాజు గ్లాసు మీద వేలిముద్రలు ఇప్పుడు చక్కగా వస్తున్నాయి

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సైన్స్ ఫెయిర్ కోసం గ్లాసు మీద వేలిముద్రలు తీయబోతే అంతా మసకగా అలుక్కుపోతోందని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

రామంతాపూర్‌లో ఉండే మా బాబాయిగారి స్నేహితుడు రిటైరైన వేలిముద్రల నిపుణుడు. ఆయన చూడగానే కారణం పట్టేశారు: పిల్ల ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని మరీ గ్లాసు పట్టుకుంటోంది! ముద్ర పడాలంటే వేలికి కాస్త చెమట, జిడ్డు ఉండాలి కదా. ముక్కు పక్కన వేలు రాసుకుని గ్లాసు ముట్టుకోమన్నారు. పెన్సిల్ ముల్లును గరుకు కాగితం మీద రుద్ది తీసిన పొడిని, మెత్తటి మేకప్ బ్రష్‌తో చిటికెడంటే చిటికెడే అద్దించారు. సుడి గీతలు ఒక్కొక్కటీ తేలాయి. సెలోటేప్‌తో ఎత్తి తెల్ల అట్టకు అంటించాం.

ఇంతకుముందు మేం పొడి గుప్పెడు పోసి, పెయింటింగ్ బ్రష్‌తో రుద్దేవాళ్లం. వర్షాకాలం తేమ అనుకున్నది మాత్రం కారణం కాదు.

ఇంకొకటి, చార్టులో దొంగతనానికి ఐపీసీ 379 అని రాశాం. 2024 జులై 1 నుంచి ఐపీసీ (పాత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి ఇప్పుడది సెక్షన్ 303(2). ఇక్కడ ఎవరో చెప్పబట్టే దిద్దుకోగలిగాం.