డీకేటీ పొలంలో 60 సెంట్లు తాత అమ్మేశాడు, ఇప్పుడేం చేయాలి?

పొలంగట్టు: మాది ప్రకాశం జిల్లా. మా తాతకు ఎకరా ఎనభై సెంట్లు డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వ భూమిని పేదలకు ఇచ్చే పట్టా, ఇచ్చారు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి గానీ నంబరు పక్కన 1381 అని కనబడుతోంది. అదేంటో అర్థం కాలేదు. 1984లో 60 సెంట్లు పక్క రైతుకు స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. వాళ్ల పిల్లలే సాగు చేస్తున్నారు. నాన్న పోయాక మిగతాది అమ్ముదామని వెళితే 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందన్నారు. ఒకటే టెన్షన్.

పాత డీటీ: 1381 ఫసలీ సంవత్సరం తమ్ముడూ, రెవెన్యూ లెక్కల్లో వాడే పాత సంవత్సరం. 590 కలుపు, 1971-72 వస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో 18-6-1954 తర్వాత ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదన్న షరతు ఉంటుంది. పట్టా వెనక వైపు చూడు, సన్న అక్షరాల్లో ఉంటుంది. వారసత్వంగా మాత్రం మీకు వస్తుంది. అమ్మకం సంగతి తర్వాత, ముందు మీ నాన్న మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి మ్యుటేషన్‌కు, అంటే రికార్డుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయి.

సీమ రైతు: నలభై ఏళ్లు దున్నుకున్నారు కదా సార్, ఆ 60 సెంట్లు వాళ్లవి అయిపోవా?

పాత డీటీ: కావు. ఇలా ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూములనే అసైన్డ్ భూములంటారు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. చట్టం రాకముందే సొమ్మిచ్చి, మంచి నమ్మకంతో కొన్న భూమిలేని పేదకు మినహాయింపు ఉంది. ఇది 1984 నాటిది కాబట్టి అది వర్తించదు. అయితే ఫిర్యాదు పెట్టగానే పొలం మీ చేతికి వస్తుందని అనుకోవద్దు. తహసీల్దారు దాన్ని మొదటి పట్టాదారు వారసులకు తిరిగి ఇప్పించవచ్చు, వీలుకాకపోతే ప్రభుత్వమే తీసుకుని వేరే పేదకు ఇవ్వవచ్చు. తిరిగి ఇప్పించడం కూడా ఒక్కసారే. మళ్లీ అమ్మితే ఇక మీకు రాదు. నేనైతే ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడతా.

గోదారి గట్టు: 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని విన్నానే?

పాత డీటీ: ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ తెచ్చింది అదే. అసలు పట్టాదారు గానీ వారసులు గానీ స్వాధీనంలో ఉండాలి. 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపి, అక్రమాలేమైనా ఉన్నాయేమో చూడటం మొదలుపెట్టారు. అడ్వాన్స్ తీసుకునే ముందు తహసీల్దారు ఆఫీసులో కనుక్కో. ఆ 60 సెంట్లు మీ స్వాధీనంలో లేవన్న సంగతీ దాచకు. తెలంగాణ వాళ్ల దారి వేరు, అక్కడ 2018లో చట్టం సవరించారు.

పొలంగట్టు: అమ్మకుండా బ్యాంకులో పెట్టుకోవచ్చా సార్?

పాత డీటీ: పెట్టుకో. షెడ్యూల్డ్ బ్యాంకు, సహకార సంఘం తనఖాకు మినహాయింపు ఉంది. వడ్డీ వ్యాపారి దగ్గర పెడితే అది బదిలీ కిందికే వస్తుంది. కౌలుకిచ్చినా అంతే, చాలామందికి ఇది తెలియదు.

పొలంగట్టు: అయ్యో, మిగతా ఎకరా ఇరవై సెంట్లు కౌలుకే ఇచ్చాం సార్.

పాత డీటీ: పంట చేతికొచ్చాక ఆపేయండి.